వేడి ఎక్కడ ఆగిపోయింది?

బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్ మీద చెయ్యి ఆనించలేనంత వేడి. లోపల కూర్చున్నవారి పాదాలు మాత్రం కొంకర్లు పోతుంటాయి. చలిదేశాల్లో పాత కారును ముచ్చటపడి ఉంచుకున్నవారు ఏదో ఒక శీతాకాలంలో ఈ ప్రశ్న అడగక మానరు: మూడు నాలుగు అడుగుల దూరంలో అంత వేడి ఉండగా అది కాళ్ల దాకా ఎందుకు రావడం లేదు?

ఆ ప్రశ్న అడిగిన తీరులోనే జవాబుకు దారి ఉంది. కారు హీటరు తనంతట తాను వేడిని పుట్టించదు. ఇంజిన్‌లో పుట్టి, ఎలాగూ బయటికి పోవలసిన వేడిలో కొంత వాటాను దారి మళ్లించి లోపలికి తెస్తుంది, అంతే. హీటరు పనిచేయనప్పుడు ఏ భాగం పాడైందో ఊహించబోతే ఒక్కొక్కటే కొని మార్చుకుంటూ పోవలసి వస్తుంది. వేడి నడిచే దారి వెంట చేతితో తడుముకుంటూ వెళ్తే, అది ఆగిన చోటు దానంతట అదే బయటపడుతుంది. చాలాసార్లు ఖర్చు ఒక క్లిప్పుతోనో, పావుగంట ఓపికతోనో తీరిపోతుంది.

ఈ అధ్యాయానికి ఉదాహరణ ఎం.జి.బి. అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని ఆబింగ్‌డన్ పట్టణంలో తయారైంది. తెలుగువారికి ఈ కారు కొత్తదైనా దాని ఇంజిన్ కొత్తది కాదు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన బి-సిరీస్ ఇంజిన్లలో 1798 సీసీ రకం ఎం.జి.బి.లో ఉంటే, అదే కుటుంబానికి చెందిన 1489 సీసీ రకం దశాబ్దాల పాటు అంబాసిడర్‌ను నడిపింది. అంబాసిడర్ బానెట్ కింద తొంగిచూసిన అలవాటున్నవారికి ఇక్కడ చెప్పే భాగాల్లో సగం పాత పరిచయాలే.

పారేసే వేడిలో ఒక వాటా

పెట్రోలు కాలినప్పుడు వచ్చే శక్తిలో చక్రాలను తిప్పడానికి పనికొచ్చేది రమారమి నాలుగో వంతు. మిగిలినదంతా వేడే. అందులో ఒక పెద్ద భాగం సైలెన్సర్ గుండా పొగతో పోతుంది. మరో పెద్ద భాగాన్ని సిలిండర్ల చుట్టూ తిరిగే నీళ్లు పీల్చుకుని, రేడియేటర్ దగ్గర గాలికి వదిలేస్తాయి. హీటరు అడిగేది ఈ రెండో భాగంలో చిన్న వాటా.

ఈ పనికి నీళ్లను మించినది లేదు. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత వేడిని తీసుకుంటాయో, అంతే వేడితో సుమారు 3,500 లీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడెక్కించవచ్చు. నిమిషానికి 6 లీటర్ల వేడినీళ్లు హీటరులోకి వచ్చి, అక్కడ 10 డిగ్రీలు చల్లబడి వెనక్కి వెళ్తే చాలు, 4 కిలోవాట్లకు పైగా వేడి కారులోకి చేరుతుంది. ఇద్దరు కూర్చునే చిన్న కారుకు ఇది ధారాళం. బొటనవేలంత లావు గొట్టంలో సన్నగా పారే నీళ్లు ఇంత పని చేస్తాయి కాబట్టే, ఆ ప్రవాహం కాస్త మందగించినా లోపల కూర్చున్నవారికి వెంటనే తెలిసిపోతుంది.

తొలినాళ్ల కార్లలో ఈ పద్ధతి లేదు. పొగగొట్టం చుట్టూ ఒక రేకు తొడుగు బిగించి, దాని గుండా వెళ్లిన గాలిని లోపలికి వదిలేవారు. ఇంజిన్ నీళ్లతో వేడిచేసే హీటర్లు 1930లలో వ్యాపించాయి. బయటి తాజా గాలిని లోపలికి తోసి, వేడినీటి కోర్ మీదుగా పంపే ఏర్పాటును అమెరికాలో నాష్ కంపెనీ 1938లో తన కార్లలో ప్రవేశపెట్టింది. బ్రిటన్‌లో మాత్రం హీటరు చాలాకాలం విలాసవస్తువుల జాబితాలోనే ఉండిపోయింది. ఎం.జి.బి. కొత్తగా వచ్చినప్పుడు కూడా హీటరు కావాలంటే అదనంగా డబ్బు కట్టాలి. అలా తరవాత చేర్చిన పెట్టె కాబట్టి అది ఇంజిన్‌కూ అద్దానికీ మధ్య, తీయడానికి చెయ్యి పట్టని చోట ఇరికించి ఉంటుంది. ఈ కారు మీద పనిచేసినవారు దాన్ని విప్పడానికి ఎందుకు జంకుతారో ఒక్కసారి బానెట్ ఎత్తితే తెలుస్తుంది. ఆ పెట్టెను ముట్టుకోకముందే చేయగల పరీక్షలన్నీ చేసి తీరాలనడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

నీళ్లు నడిచే దారి

ఇంజిన్ ముందువైపు ఉన్న పంపు నీళ్లను సిలిండర్ బ్లాకులోకి తోస్తుంది. అవి సిలిండర్ల చుట్టూ తిరిగి, పైనున్న సిలిండర్ హెడ్‌లోకి ఎక్కుతాయి. అక్కడి నుంచి రెండు దారులు. పెద్ద దారి హెడ్ ముందు కొసన ఉన్న థర్మోస్టాట్ గుండా రేడియేటర్‌కు పోతుంది. చిన్న దారి హెడ్ వెనక కొసన ఉన్న హీటర్ వాల్వు గుండా, ఒక రబ్బరు హోస్‌లో, హీటర్ పెట్టెలోని కోర్‌కు చేరుతుంది. కోర్ అంటే సన్నని గొట్టాలు, వాటి మధ్య పల్చని రేకులు ఉన్న చిన్న రేడియేటరే. వేడిని వదిలిన నీళ్లు మరో గొట్టంలో పంపు దగ్గరికి తిరిగివచ్చి, మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్తాయి.

హీటర్ వాల్వును తెరిచేదీ మూసేదీ డ్యాష్‌బోర్డు మీది నాబ్. రెండింటినీ కలిపేది ఒక సన్నని ఉక్కు కేబుల్. బయటి గాలి అద్దం ముందున్న జాలీ గుండా ఒక గూటిలోకి దిగి, ఫ్యాను తోయగా కోర్‌ను దాటి, కొంత అద్దం మీదికీ కొంత కాళ్ల దగ్గరికీ వెళ్తుంది. కాళ్ల దగ్గర గేర్‌బాక్స్ సొరంగానికి చెరోవైపు ఒక చిన్న తలుపు ఉంటుంది. దాన్ని చేతితోనే తెరవాలి. కొత్తగా ఈ కారు కొన్నవారు ఆ తలుపులున్న సంగతే తెలియక హీటరు పాడైందనుకోవడం అరుదేమీ కాదు.

ఈ దారిలో ఎక్కడైనా వేడి ఆగిపోవచ్చు. వెతుకులాట మాత్రం ఎప్పుడూ ఇంజిన్ వైపు నుంచే మొదలవ్వాలి. మొదట్లోనే వేడి లేకపోతే చివర ఎంత వెతికినా దొరకదు.

మీటరు ముల్లు

పది పదిహేను నిమిషాలు కారు నడిపాక కూడా ఉష్ణోగ్రత మీటరు ముల్లు చల్లటి కొసనే ఉంటే, తప్పు హీటరుది కాదు. ఇంజినే వేడెక్కడం లేదు. దీనికి చాలావరకు కారణం థర్మోస్టాట్.

థర్మోస్టాట్ పని తేలికగానే అర్థమవుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు రేడియేటర్ దారిని మూసి ఉంచుతుంది. నీళ్లు తగినంత వేడెక్కాక తెరుస్తుంది. బి-సిరీస్ ఇంజిన్లకు మామూలుగా వాడేది 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే రకం. వేడి ప్రాంతాలకు 74 డిగ్రీలది, చలి ప్రాంతాలకు 88 డిగ్రీలది కూడా దొరుకుతాయి. హీటరు చాలడం లేదని బాధపడేవారు తమ కారులో ఏది ఉందో ఒకసారి చూసుకోవడం మంచిది. ఎండాకాలానికని పెట్టిన 74 డిగ్రీల థర్మోస్టాట్ డిసెంబరులో అలాగే ఉండిపోయి ఉండవచ్చు.

లోపల ఉండే ఏర్పాటును బట్టి ఇవి పాడయ్యే తీరు మారుతుంది. పాత రకంలో పల్చని ఇత్తడి తిత్తి ఉంటుంది. అందులో త్వరగా ఆవిరయ్యే ద్రవం నింపి ఉంటుంది. వేడికి తిత్తి సాగి వాల్వును ఎత్తుతుంది. 1930లలో సెర్గియస్ వెర్నెట్ రూపొందించిన కొత్త రకంలో తిత్తి బదులు మైనం నింపిన లోహపు గుళిక ఉంటుంది. మైనం కరిగేటప్పుడు పదో వంతుకు పైగా వ్యాకోచించి ఒక కడ్డీని బయటికి తోస్తుంది. తిత్తికి చిల్లి పడితే అది సాగిన స్థితిలోనే నిలిచిపోతుంది. అంటే వాల్వు తెరిచే ఉంటుంది, ఇంజిన్ చల్లగా నడుస్తుంది, కారులో చలి తగ్గదు. మైనం కారిపోతే స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. అప్పుడు వచ్చే సమస్య చలి కాదు, ఇంజిన్ మరిగిపోవడం. పాత కార్లలో మైనం రకం వాల్వు కూడా తుప్పు ముక్క అడ్డుపడి సగం తెరిచిన స్థితిలో ఇరుక్కోవచ్చు.

థర్మోస్టాట్‌ను విప్పి పరీక్షించడం వంటింట్లోనే జరిగిపోతుంది. గిన్నెడు నీళ్లలో దారంతో వేలాడదీసి, అడుగుకు తగలకుండా చూసి, పక్కనే థర్మామీటరు ఉంచి, సన్నటి మంట మీద వేడిచేయాలి. దాని మీద ముద్రించిన అంకెకు రెండు మూడు డిగ్రీల అటూఇటూగా తెరుచుకోవడం మొదలుపెట్టి, చల్లారాక పూర్తిగా మూసుకుంటే అది బాగున్నట్టే.

విప్పి చూసినప్పుడు అక్కడ థర్మోస్టాట్ లేకపోనూవచ్చు. వేడి ప్రాంతాల్లో తిరిగిన కార్ల నుంచి మెకానిక్కులు దాన్ని తీసి పక్కన పడేయడం పాత అలవాటు. అంబాసిడర్ల విషయంలో తెలుగునాట కూడా ఈ అలవాటు ఉండేది. ఇంజిన్ చల్లగా ఉంటే మేలే కదా అన్నది దాని వెనకున్న ఆలోచన. అది పొరపాటు. కావలసినంత వేడెక్కని ఇంజిన్‌లో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. కొంత సిలిండర్ గోడల మీది నూనెను కడిగేస్తూ కిందికి జారుతుంది. ఆయిల్ సంపులో తేమ చేరి నిలిచిపోతుంది. పెట్రోలు ఖర్చూ ఇంజిన్ అరుగుదలా రెండూ పెరుగుతాయి. కాళ్లకు వెచ్చదనం లేకపోవడం ఈ నష్టాల్లో అన్నిటికన్నా చిన్నది.

రెండు గొట్టాల పరీక్ష

ముల్లు ఉండవలసిన చోటే ఉందనుకుంటే, వెతుకులాట హీటర్ గొట్టాల దగ్గరికి వస్తుంది. ఈ వెతుకులాటలో ఇంతకు మించిన పరీక్ష లేదు. దీనికి పనిముట్లు కూడా అక్కర్లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక, హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పి, ఇంజిన్ ఆపి, కోర్‌లోకి వెళ్లే హోస్‌నూ కోర్ నుంచి తిరిగివచ్చే హోస్‌నూ తాకి చూడాలి. లోపలి నీళ్లు 80 డిగ్రీల పైనే ఉంటాయి కనుక గట్టిగా పట్టుకోకూడదు, వేలి కొసతో అలా తాకి తీసేయాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే ఇంకా మంచిది. అయితే దాన్ని నల్లటి రబ్బరు మీదికే గురిపెట్టాలి. మెరిసే లోహం తన వేడిని కిరణాల రూపంలో బాగా వెలువరించదు. అలాంటి చోట ఈ పరికరం అసలు ఉష్ణోగ్రత కన్నా చాలా తక్కువ చూపి దారి తప్పిస్తుంది.

రెండు హోస్‌లూ వేడిగా ఉండి, రెండోది కాస్త తక్కువగా ఉంటే నీటి వైపు అంతా సవ్యంగా ఉన్నట్టు. తప్పు గాలి వైపు ఉంది. రెండూ చల్లగా ఉంటే వేడినీళ్లు ఇంజిన్‌ను వదిలి రావడమే లేదు, వాల్వును అనుమానించాలి. మొదటిది కాలిపోతూ రెండోది చల్లగా ఉంటే నీళ్లు కోర్ దాకా వచ్చి ముందుకు సాగడం లేదు. కోర్ పూడిపోయి ఉండాలి, లేదా లోపల గాలి పట్టి ఉండాలి.

వాల్వు విషయంలో మొదట చూడవలసింది దాన్ని లాగే కేబుల్. లోపలి తీగ కదలాలంటే బయటి తొడుగు కదలకుండా ఉండాలి. తొడుగును పట్టి ఉంచే చిన్న క్లిప్పు ఊడిపోతే నాబ్ తిప్పినంతసేపూ తొడుగూ తీగా కలిసి వంగుతాయి, వాల్వు కదలదు. ఒకరు నాబ్ తిప్పుతుంటే మరొకరు బానెట్ కింద వాల్వు చేతిని చూస్తే తేలిపోతుంది. చెయ్యి పూర్తిగా తిరుగుతున్నా నీళ్లు రాకపోతే, ఇంజిన్ చల్లారాక వాల్వును హెడ్ నుంచి విప్పాలి. హెడ్ వెనక కొస నీటి ప్రవాహం మందంగా ఉండే చోటు. దశాబ్దాల తుప్పు పొడి, పోతపోసినప్పుడు మిగిలిపోయిన ఇసుక అక్కడే పేరుకుంటాయి. బెజ్జంలోకి ఒక తీగ దూర్చి కదిపితే ఎర్రటి బురద రావడం ఈ ఇంజిన్లలో మామూలు. మారిస్ మైనర్ వంటి ఇంకా పాత కార్లలో కొన్నింటికి కేబులే ఉండదు. చలికాలం రాగానే బానెట్ ఎత్తి కొళాయిని చేతితో తిప్పాలి, ఎండాకాలంలో కట్టేయాలి. ఆ సంగతి తెలియనివారి కారులో అది ఎన్నేళ్లుగానో మూసే ఉండవచ్చు.

కోర్ పూడిక నెమ్మదిగా, ఏళ్ల తరబడి పెరిగే జబ్బు. ఉప్పునీటితో నడిచిన కారులో గొట్టాల లోపల సున్నం పొర కడుతుంది. రాగి వేడిని ఎంత చురుగ్గా దాటిస్తుందో సున్నం అంత మందకొడి, ఈ రెండింటి మధ్య తేడా వందల రెట్లు. కాగితమంత మందం పొర కూడా వేడిని ఆపుతుంది. కారుతున్న రేడియేటర్‌ను ఆపడానికని పోసే పొడులు, ద్రవాలు మరో కారణం. చిల్లిని పూడ్చే గుణం ఉన్నది సన్నని గొట్టాన్నీ పూడుస్తుంది. హీటర్ కోర్‌లో అన్నీ సన్నని గొట్టాలే. పాత కారులో అలాంటి మందు పోయకుండా, కారే చోటును వెతికి అతికించడమే సరైన పద్ధతి.

పూడిన కోర్‌ను శుభ్రం చేయడానికి దాన్ని పెట్టెలోంచి తీయనవసరం లేదు. రెండు హోస్‌లనూ ఊడదీసి, తోటకు నీళ్లు పెట్టే పైపుతో నీళ్లు మామూలుగా పారే దిశకు ఎదురుగా పోయించాలి. పారే దిశలో పోస్తే పూడిక ఇంకా గట్టిగా ఇరుక్కుంటుంది. కొళాయిని కొంచెంగానే తెరవాలి. యాభై అరవై ఏళ్ల టంకం అతుకులు పెద్ద ఒత్తిడికి తట్టుకోలేవు. బురద పోయాక సున్నం మిగిలితే నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు నింపి కొన్ని గంటలు ఉంచి, మళ్లీ కడగాలి. వచ్చే నీళ్లు తేటగా, ధారగా ఉంటే పని అయినట్టు. చుక్కలుగానే వస్తే కోర్ మార్చక తప్పదు. పెట్టెను విప్పవలసిన రోజు అప్పుడే వస్తుంది.

గాలి పట్టినప్పుడు

ఇంటి మీద ట్యాంకు నిండా నీళ్లున్నా కింద కొళాయిలో చుక్క రాకపోవడం చాలామందికి అనుభవమే. పైపు ఎక్కడో పైకి వంగి కిందికి దిగితే ఆ వంపులో గాలి చిక్కుకుంటుంది. నీళ్లకు దాన్ని తోసేటంత ఒత్తిడి చాలదు. ప్లంబరు వచ్చి కొళాయి విప్పి, కింది నుంచి నీళ్లు ఎదురు తోసి గాలిని వెళ్లగొట్టాక ధార మొదలవుతుంది. కారు హీటరులో జరిగేది అచ్చంగా ఇదే. ఎం.జి.బి.లో హీటర్ పెట్టె ఇంజిన్ వెనక ఎత్తయిన చోట ఉంటుంది. నీళ్లు మార్చినప్పుడో, కొంత కారిపోయినప్పుడో గాలి అక్కడికి ఎక్కి కూర్చుంటుంది. పంపు నీళ్లను రేడియేటర్ దారిలో సులువుగా పంపుతుంది, గాలి అడ్డున్న దారిని వదిలేస్తుంది.

గాలి పట్టిందనడానికి గుర్తులున్నాయి. కారు ఆగి ఉన్నప్పుడు చల్లటి గాలి, యాక్సిలరేటర్ తొక్కితే కాస్త వెచ్చటి గాలి. డ్యాష్‌బోర్డు వెనక గలగలమని నీళ్ల చప్పుడు. మొదట చేయవలసింది, ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి నీటి మట్టం చూడడం. వేడి మీద ఆ మూత ఎప్పుడూ తీయకూడదు. మూతలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. 10 పౌండ్ల మూత ఉన్న వ్యవస్థలో నీళ్లు 115 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణాన ఒత్తిడి పోయి, ఆ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. చేతులూ కళ్లూ పోగొట్టుకునే ప్రమాదం ఇది.

గాలిని వెళ్లగొట్టడానికి హీటర్ వాల్వును పూర్తిగా తెరవాలి. కారు ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండే వాలులో నిలిపితే గాలి రేడియేటర్ మూత వైపు వస్తుంది. కోర్ నుంచి తిరిగివచ్చే హోస్‌ను పెట్టె దగ్గర ఊడదీసి, హోస్‌లోకి గరాటుతో నీళ్లు నింపి, కోర్ గొట్టం నుంచి కూడా నీళ్లు పొంగేదాకా రేడియేటర్‌లో పోసి, అప్పుడు వెంటనే బిగించాలి. తరవాత మూత తీసి ఉంచే ఇంజిన్‌ను చల్లటి స్థితి నుంచి నడిపిస్తే మిగిలిన బుడగలు పైకి వస్తాయి. నీళ్లు వేడెక్కి పొంగబోయే ముందే మూత పెట్టేయాలి.

ఇలా చేశాక హీటరు నెలల తరబడి పనిచేస్తే సంతోషమే. వారం తిరగకుండా మళ్లీ గాలి పడితే మాత్రం తేలికగా తీసుకోకూడదు. నీళ్లు ఎక్కడో కారుతున్నాయి, లేదా సిలిండర్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్యనున్న హెడ్ గాస్కెట్ దెబ్బతిని, మండిన వాయువు నీళ్లలోకి చొరబడుతోంది. ఇంజిన్ నడుస్తుండగా రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు రావడం, నీళ్లు కారణం లేకుండా తగ్గిపోవడం, సైలెన్సర్ నుంచి ఎంతసేపటికీ తెల్లటి ఆవిరి రావడం గాస్కెట్ వైపు వేలు చూపుతాయి.

మరో హెచ్చరిక దారిలో వస్తుంది. అప్పటిదాకా వెచ్చగా ఉన్న హీటరు కారు నడుస్తుండగా హఠాత్తుగా చల్లబడిందంటే నీళ్లు పోతున్నాయని అర్థం. హీటరు ఎత్తున ఉంటుంది కనుక నీటి మట్టం పడిపోగానే మొదట ఎండేది అదే. ఉష్ణోగ్రత మీటరును నమ్ముకుని ముందుకు పోకూడదు. దాని మొన నీళ్లలో మునిగి ఉన్నంతవరకే నిజం చెబుతుంది. చుట్టూ గాలి మిగిలాక ముల్లు కిందికి దిగినా దిగవచ్చు. వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేస్తే హెడ్ వంకరపోకుండా మిగులుతుంది.

హీటరు బాగున్న కారులో ఇదే సంబంధం డ్రైవరుకు మేలు కూడా చేస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కుతూ ఇంజిన్ వేడి మితిమీరుతుంటే, నీళ్లు నిండుగా ఉన్నంతవరకు, హీటరును పూర్తిగా తెరిచి ఫ్యాను వేస్తే కొన్ని కిలోవాట్ల వేడి కారులోకి మళ్లుతుంది. లోపల ఉక్కపోసినా ఇంజిన్‌కు కాస్త ఊపిరి దొరుకుతుంది.

నీళ్లు వేడిగానే ఉంటే

రెండు హోస్‌లూ వేడిగా ఉన్నా గాలి రాకపోతే ఫ్యాను దగ్గరికి వెళ్లాలి. ఫ్యూజు, స్విచ్చు, మోటారు అన్న వరసలో చూడడం తేలిక. ఫ్యాను అసలు తిరగకపోవడం కన్నా నీరసంగా తిరగడం ఎక్కువ మందిని తికమకపెడుతుంది. పాత బ్రిటిష్ కార్లలో తీగలను కలిపే జాయింట్లు ఏళ్లు గడిచేకొద్దీ తుప్పుపట్టి కరెంటును అడ్డుకుంటాయి. మోటారు నడుస్తుండగా దాని కొసల దగ్గర వోల్టేజీ కొలవాలి. 12 వోల్టులు రావలసిన చోట 9 వస్తే మోటారుకు అందే శక్తి సగానికి దగ్గరగా పడిపోయినట్టు. జాయింట్లను, బాడీకి బిగించిన ఎర్త్ కొసను గీకి శుభ్రం చేస్తే కొత్త మోటారు కొనే పని తప్పుతుంది.

ఎం.జి.బి.కే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. 1967 వరకు వచ్చిన కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. చాలామంది యజమానులు తరవాత దాన్ని ఇప్పటి పద్ధతికి, అంటే నెగటివ్ ఎర్త్‌కు మార్పించుకున్నారు. శాశ్వత అయస్కాంతం ఉన్న మోటారుకు తీగలు తారుమారైతే అది ఎదురు తిరుగుతుంది. డ్రమ్ము ఆకారంలో రెక్కలున్న ఫ్యాను ఎదురు తిరిగినా గాలిని అటువైపే తోస్తుంది, కాకపోతే చాలా బలహీనంగా. చప్పుడు మామూలుగానే వినిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మోటారు దగ్గర రెండు తీగలను అటుదిటు మార్చితే సరిపోతుంది.

ఫ్యాను బాగా తిరుగుతున్నా వచ్చే గాలి గోరువెచ్చగానే ఉంటే, అది కోర్‌ను తప్పించుకుని వస్తోంది. కోర్ అంచుల చుట్టూ పెట్టెకు ఆనేలా స్పాంజి పట్టీలు ఉంటాయి. ఏళ్లకు అవి పొడిపొడిగా రాలిపోతాయి. గాలి ఎప్పుడూ అడ్డు తక్కువున్న దారినే వెతుక్కుంటుంది. కోర్ రేకుల మధ్య నుంచి దూరడం కన్నా పక్క సందులోంచి పోవడమే దానికి సులువు. కోర్‌ను ఏ కారణంగా బయటికి తీసినా ఈ పట్టీలన్నీ కొత్తవి అతికించాలి. పెట్టెకూ బాడీకీ మధ్య ఉన్న సీలు, అద్దం కిందికి గాలిని తీసుకెళ్లే గొట్టాలు కూడా అప్పుడే చూసుకోవాలి. అద్దం ముందు గూటిలో ఎండుటాకులు చేరి, నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోతే గాలి తగ్గడమే కాదు, వాన నీళ్లు నిలిచి అడుగు రేకు తుప్పుపడుతుంది.

గాలి లోపలికి రావాలంటే లోపలున్న గాలి బయటికి పోవాలి. కిటికీలన్నీ బిగించిన కారులో ఫ్యాను కొంతసేపటికి ఒత్తిడికి ఎదురీదుతూ ఉండిపోతుంది. పాత కార్లలో చాలావాటికి గాలి బయటికి పోయే ప్రత్యేకమైన దారి లేదు. 1964లో ఫోర్డ్ కోర్టినాలో ఆ దారి ఏర్పాటు చేయడం అప్పట్లో పెద్ద విశేషం. అలాంటి ఏర్పాటు లేని కారులో ఒక కిటికీని వేలెడు దించితే చలి పెరుగుతుందనిపిస్తుంది. నిజానికి వెచ్చటి గాలి ధారాళంగా రావడం అప్పుడే మొదలవుతుంది.

వెచ్చటి గాలితో పాటు తియ్యటి వాసన వచ్చి, అద్దం లోపలివైపు జిడ్డుగా మసకబారుతుంటే కోర్ కారుతోంది. ఆ వాసన నీళ్లు గడ్డకట్టకుండా కలిపే ఇథిలీన్ గ్లైకాల్‌ది. సగం సగం కలిపితే ఆ మిశ్రమం మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. అది విషం. రుచి తియ్యగా ఉండటం వల్ల కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొద్ది మోతాదుకే మూత్రపిండాలు దెబ్బతిని చనిపోతాయి. కారిన మిశ్రమాన్ని వెంటనే కడిగేయాలి. కోర్ పగలడానికి చలి కూడా కారణం కావచ్చు. శీతాకాలానికి కారును మూలన పెడుతూ రేడియేటర్, బ్లాకు ప్లగ్గులు తీసి నీళ్లు వదిలేసినవారు అంతా ఖాళీ అయిందనుకుంటారు. కోర్‌లోని నీళ్లు ఆ ప్లగ్గుల గుండా రావు. అక్కడే గడ్డకట్టి, పదకొండో వంతు ఉబ్బి, గొట్టాన్ని చీలుస్తాయి. మంచు పడే చోట ఉన్న కారుకు నీళ్లు వదిలేయడం కన్నా గ్లైకాల్ కలిపి ఉంచడమే భద్రం.

నీళ్లే లేని హీటరు

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కథ వేరు. దాని ఇంజిన్ వెనక ఉంటుంది, గాలితోనే చల్లబడుతుంది. రేడియేటర్ లేదు, హోస్‌లు లేవు, కోర్ లేదు. ఇంజిన్ ఫ్యాను తోసే గాలిలో కొంత పొగగొట్టాల చుట్టూ ఉన్న రేకు పెట్టెల గుండా వెళ్లి వేడెక్కుతుంది. తలుపుల కింద రెండు పక్కలా ఉన్న బోలు దూలాల గుండా ముందుకు ప్రయాణించి, కాళ్ల దగ్గరా అద్దం దగ్గరా బయటికి వస్తుంది. 1963 మోడలు నుంచి ఈ పద్ధతి వచ్చింది. అంతకుముందు సిలిండర్ల మీదుగా వెళ్లిన గాలే లోపలికి వచ్చేది, నూనె వాసనతో సహా.

ఇక్కడ వెతికే వరస కూడా వెనక నుంచే మొదలవుతుంది. ఫ్యాను తొడుగు నుంచి రేకు పెట్టెలకు వెళ్లే రెండు వంగే గొట్టాలు చిరిగినా, ఊడినా గాలే ఉండదు. తరవాత రేకు పెట్టెల కొసన ఉన్న మూతలు, వాటిని తెరిచే కేబుళ్లు. కారు కింద వాననీటికీ బురదకూ గురయ్యే ఆ తీగలు తొడుగుల్లో పట్టేసి ఉండటం చాలా మామూలు. ఆ తరవాత దూలాలు. అవి కారు బలానికి ఆధారమైన భాగాలు కూడా. వాటిలో తుప్పు చిల్లులు పడితే వేడి దారిలోనే కారిపోవడం చిన్న నష్టం, కారు నడుము బలహీనపడటం పెద్ద నష్టం. బజారులో దొరికే చవక రేకు పెట్టెల్లో కొన్నింటికి లోపల వేడిని గాలికి అందించే రెక్కలు ఉండవు. అలాంటివి బిగించిన కారులో మిగతా అన్నీ సరిగా ఉన్నా వెచ్చదనం అంతంతమాత్రమే.

ఈ పద్ధతిలో నీటి హీటరుకు లేని ప్రమాదం ఒకటి ఉంది. కారులోకి వచ్చే గాలికీ పొగకూ మధ్య ఉన్నది ఒక్క లోహపు గోడ. దానికి చిల్లి పడితే కార్బన్ మోనాక్సైడ్ గాలితో కలిసి లోపలికి వస్తుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా దాన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, మగత, వాంతి వచ్చేట్టు అనిపించడం. అవి ప్రయాణపు అలసటలాగే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. హీటరు వేసినప్పుడు పొగ వాసన వస్తే హీటరు కట్టేసి, కిటికీలు దించి, కారు ఆపడం మొదటి పని. ఏటా చలికాలం ముందు పెట్టెలనూ సైలెన్సర్ జాయింట్లనూ కారును పైకెత్తి పరిశీలించాలి. తుప్పు లోపలి గోడను తినేస్తే బయటి నుంచి కనపడదు. అందుకే వయసు తెలియని పెట్టెలున్న బీటిల్‌లో బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి ఉంచి, అది మోగిన రోజున పెట్టెలు మార్చేదాకా హీటరు కేబుళ్లను మూసి ఉంచాలి.